బిడ్డ నోరు విప్పిన వేళ

పసిబిడ్డ తనకు జరిగిన కీడును పెద్దలవలె మొదలును తుదియును గల కథగా చెప్పదు. అన్నమునకు పిలిచినను రాక గోడవైపు తిరిగి పరుండుట, నిన్నటివరకు పరుగున పోవుచుండిన ట్యూషనుకు నేడు కడుపునొప్పియని మారాము చేయుట, పక్క తడుపు అలవాటు మానిన ఏండ్లకు మరల తడుపుట, స్నానము చేయించు తల్లి చేయి తగులగానే ఉలికిపడుట - ఇట్లు ఆ కథ తునుకలు తునుకలుగా వెలువడి, చివరకొకనాడు, తల్లి వంటింటిలో పోపు పెట్టుచుండగా వెనుకనుండి వచ్చి కొంగు పట్టుకొని “అమ్మా, నేను ఆ మామయ్య వాళ్ళింటికి పోను” అన్న ఒక్క వాక్యమై బయటపడును. కడుపునొప్పి కేవలము కడుపునొప్పియే కావచ్చును. ప్రతి మారామునకును వెనుక ఘోరమేదో కలదని భయపడనక్కరలేదు. కాని పొయ్యి కట్టి, బిడ్డ ప్రక్కన కూర్చుండి, “ఎందుకమ్మా పోనంటున్నావు?” అని మెల్లగా అడుగుట మాత్రము తప్పనిసరి. “పెద్దవాళ్ళను అట్లా అనకూడదు, తప్పు” అని కసరినచో ఆ నోరు మరల తెరచుకొనుటకు పదేండ్లు పట్టవచ్చును, తెరచుకొనకయే పోవచ్చును.

బాలరక్షణమనగానే మనకు పోలీసు ఠాణాలు, న్యాయస్థానములు, కఠిన శిక్షలు స్ఫురించును. అవి అవసరములే, కాని అవన్నియు రెండవ వరుసలోనివి. బిడ్డ మొట్టమొదట ఎవరి చెవిని వేసెనో ఆ ఒక్క మనిషి - తల్లియో, మేనత్తయో, తరగతి పంతులమ్మయో, హాస్టలు ఆయాయో - మొదటి వరుసలో ఒంటరిగా నిలిచియుండును. ఆ మనిషి విన్నచో చట్టము కదలును. విననిచో ఎంత గొప్ప చట్టమైనను పుస్తకము దాటి రాజాలదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఆ వినుటను గురించియే.

ఇంటి పెద్దలే పసివారికి చేయు కీడును ఆచారమనియు, సంసార విషయమనియు లోకము చూచి చూడనట్లుండుట మన తెలుగునాట క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర విజయనగర మహారాజు ఆనందగజపతి, విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున శుల్కము పుచ్చుకొని జరిపిన పెండ్లిండ్లకు ఒక జాబితా తయారు చేయించెను. లెక్కకు వచ్చిన పెండ్లిండ్లు 1034. వధువులలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు. ఏడాది వయస్సు శిశువులు ముగ్గురు. ఈ అంకెలను గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ నాటకపు తొలికూర్పు పీఠికలో పొందుపరచెను. ఆ నాటకములోని మధురవాణిని, గిరీశమును తలచుకొని మురియువారెందరో కలరు గాని, ఆ ముగ్గురు శిశువులను తలచుకొనువారు తక్కువ. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి రాగా బాలికల వివాహ వయస్సు పదునాలుగేండ్లయ్యెను; అది 1949లో పదునైదును, 1978లో పదునెనిమిదియు అయ్యెను. వివాహము పేరిటనైనను పదునెనిమిదేండ్లు నిండని బాలికతో సంభోగము అత్యాచారమే యగునని సర్వోన్నత న్యాయస్థానము తేల్చి చెప్పుటకు మాత్రము 2017 అక్టోబరు వరకు వేచియుండవలసి వచ్చినది.

మహారాజు జాబితా ఆ వధువులను లెక్కించెను గాని వారినెవరును ఏమియు అడుగలేదు. బిడ్డలనే కూర్చుండబెట్టి ఇంత విస్తారముగా అడిగిన అధ్యయనమును కేంద్రప్రభుత్వము 2007లో ప్రకటించినది. పదమూడు రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలు సమాధానములు చెప్పిరి. అసభ్యముగా తాకుట మొదలుకొని అత్యాచారము వరకు గల లైంగిక హింసలో ఏదో యొక రూపమును తాము అనుభవించితిమని 53.22 శాతము మంది చెప్పిరి. అట్లు చెప్పినవారిలో మగపిల్లలు సగమునకు మించి యుండిరి. ఎక్కువ శాతము నమోదైన నాలుగు రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కీడు చేసినవారిలో సగము మంది బిడ్డకు తెలిసినవారో, బిడ్డ నమ్మిక చూరగొన్న స్థానమున ఉన్నవారో అని తేలినది. ఈ బిడ్డలలో అత్యధికులు అంతకుముందు ఆ సంగతి నెవరికిని చెప్పియుండలేదు. అడిగిన తరువాతనే చెప్పిరి. ఈ చివరి అంశము నా దృష్టిలో శాతములన్నింటికంటె ముఖ్యమైనది.

కీడు చేయువాడు తెలిసినవాడగుటయందే చిక్కంతయు ఉన్నది. పిల్లల నెత్తుకొనిపోవువాని గురించి, చాక్లెట్ చూపి పిలుచు క్రొత్తవాని గురించి మనము బిడ్డలకు తరతరములుగా జాగ్రత్తలు చెప్పుచున్నాము. కాని అసలు ప్రమాదము పలుమార్లు మన పంక్తిలో కూర్చుండి భోజనము చేయును; పిల్లవాని హోంవర్కు దిద్దును; పాపను బండిమీద ఎక్కించుకొని ఊరు చూపించును; తల్లిదండ్రులు ఊరికి పోయిన పూట “మీరు నిశ్చింతగా వెళ్ళిరండి, పిల్లలను నేను చూసుకుంటాను” అనును. వాడు మొదట తల్లిదండ్రుల విశ్వాసమును, పిమ్మట బిడ్డ విశ్వాసమును సంపాదించి, కానుకలిచ్చి, ముద్దుచేసి, కొద్దికొద్దిగా హద్దు జరుపుచు, చివరకు “ఇది మనిద్దరి మధ్యనే ఉండాలి, అమ్మకు చెప్తే అమ్మ నిన్నే కొడుతుంది” అని ముద్ర వేయును. అప్పటికి బిడ్డ ఆ కానుకలు తీసికొన్నందుకు తనదే తప్పని నమ్మియుండును. ఆ మనిషిమీద ప్రేమయు పూర్తిగా పోయియుండదు. భయము, సిగ్గు, ప్రేమ ముప్పేటగా పెనవేసికొన్న ఆ చిన్ని హృదయము వెంటనే చెప్పలేదని ఆశ్చర్యపడుట అన్యాయము. “అప్పుడే ఎందుకు చెప్పలేదు?” అన్న ప్రశ్న బిడ్డ చెవికి నిందగానే వినిపించును.

ఇక చెప్పిన తరువాత ఇంటిలో జరుగునది మరియొక కథ. “బయటికి పొక్కితే పిల్లకు పెళ్ళవుతుందా?”, “నలుగురిలో తలెత్తుకుని తిరగగలమా?”, “వాడు మీ తమ్ముడు కాదా, జైల్లో పెట్టిస్తావా?” - ఈ మాటలు ధనికుల ఇంటను పేదల ఇంటను ఒకే తీరున వినవచ్చును. మగపిల్లవాడైనచో “మగపిల్లాడికేం పోతుంది” అని అంతటితో ముగించుటయు కలదు. పరువు పోవలసినది నేరము చేసినవానిది. దానిని తెచ్చి ఎనిమిదేండ్ల బిడ్డ నెత్తిన పెట్టి, ఆ బిడ్డ నోటికి బీగము వేయుట రెండవ ద్రోహము. మొదటిది ఒక్కడు చేసినది, రెండవది కుటుంబమంతయు కలసి చేయునది. ఊరిపెద్దలు కూర్చుండి ఇంత సొమ్ము ఇప్పించి రాజీ చేయుట ఇంకను హేయము. ఈ నేరములలో రాజీకి చట్టము అనుమతింపదు. ఆ పెద్దలకు అట్టి అధికారము లేదు.

2012కు పూర్వము దేశమంతటికిని వర్తించునట్లు బాలలపై జరుగు లైంగిక నేరములకు ప్రత్యేకమైన చట్టము లేకుండెను. శిక్షాస్మృతిలోని అత్యాచార నిర్వచనము స్త్రీజాతికే పరిమితమై యుండుటచే, మగపిల్లవానికి జరిగిన దురాగతమును వేరొక ఉద్దేశముతో పుట్టిన 377వ సెక్షనులో ఇమిడ్చి నెట్టుకొనిరావలసి వచ్చెడిది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవమునాడు అమలులోనికి వచ్చిన లైంగిక నేరముల నుండి బాలల సంరక్షణ చట్టము, అనగా జనవ్యవహారములోని పోక్సో, పదునెనిమిదేండ్లు నిండని వారందరిని ఆడ మగ భేదము లేక బాలలుగా గుర్తించినది. ఉపాధ్యాయుడు, పోలీసు, ఆసుపత్రి లేక వసతిగృహ సిబ్బంది, రక్తబంధువు మొదలైన నమ్మదగిన స్థానములందున్నవారు చేసినచో నేరము మరింత తీవ్రమని నిర్ణయించి, శిక్షను పెంచినది. ఈ కడపటి నిబంధన తయారుచేసినవారికి మన ఇండ్ల సంగతి బాగుగా తెలిసియుండవలెను.

ఆ చట్టములోని 19వ సెక్షను ప్రతి తెలుగు ఇంటను తెలిసియుండదగినది. బిడ్డకు ఇట్టి నేరము జరిగినదని తెలిసినవారు, జరుగవచ్చునని అనుమానము కలిగినవారు, ఎవరైనను సరే, స్థానిక పోలీసులకో, బాలల ప్రత్యేక పోలీసు విభాగమునకో తెలుపవలెను. తెలుపకుండుటయు నేరమే, ఆరు నెలల వరకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. సంస్థాధిపతి తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును దాచినచో ఏడాది వరకు శిక్ష కలదు. సద్భావముతో సమాచారమిచ్చినవానిపై సివిలుగాగాని క్రిమినలుగాగాని ఎట్టి బాధ్యతయు మోపరాదని కూడ చట్టమే అభయమిచ్చినది. “మనకెందుకు వచ్చిన గొడవ” అను పొరుగింటివారికి, “స్కూలు పేరు పాడవుతుంది” అను యాజమాన్యమునకు ఇది స్పష్టమైన సమాధానము. సమాచారమిచ్చువారు రుజువులు సేకరింపనక్కరలేదు. దర్యాప్తు పోలీసుల పని.

పోలీసులకు చెప్పిన తరువాత ఏమగునో తెలియని భయము చాలమందిని వెనుకకు లాగుచున్నది. కావున దానిని కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. బిడ్డను ఠాణాకు ఈడ్చుకొనిపోవలసిన పని లేదు. వాఙ్మూలమును బిడ్డ ఇంటిలోనో, బిడ్డ కోరిన చోటనో, సాధ్యమైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని మహిళా అధికారి వ్రాసికొనవలెను. ఆ సమయమున అధికారి ఖాకీ దుస్తులు ధరించియుండరాదు. తల్లిగాని తండ్రిగాని బిడ్డ నమ్మిన మరియొకరుగాని ప్రక్కనుండవలెను. బిడ్డ పలికినది పలికినట్లే వ్రాయవలెను. బొమ్మ చూపి చెప్పినను, తన ముద్దుమాటలలో చెప్పినను, దానిని పెద్దల భాషలోనికి మార్చి సవరించుటకు వీలులేదు. ఏ కారణముచేతనైనను బిడ్డను రాత్రివేళ ఠాణాలో ఉంచరాదు. బాలికనైనచో వైద్యురాలే పరీక్షింపవలెను. అత్యవసర చికిత్సకు ముందు కాగితములు తెమ్మని ఆసుపత్రివారు అడుగరాదు. ఇరువదినాలుగు గంటలలోపల ఈ సంగతి జిల్లాలోని బాలల సంక్షేమ సమితికి చేరవలెను. కీడు చేసినవాడు ఆ ఇంటిలోనే యున్నచో బిడ్డ ఎక్కడ ఉండుట క్షేమమో ఆ సమితి నిర్ణయించును.

న్యాయస్థానమునందును అంతే. నిందితుడు బిడ్డ కంటబడకుండ తెరయో, వీడియో సంధానమో ఏర్పాటు చేయవలెను. న్యాయవాదులు తమ ప్రశ్నలను న్యాయమూర్తికి అందింపగా న్యాయమూర్తియే బిడ్డను అడుగును. గద్దించు ప్రశ్నలకు, శీలమును కించపరచు ప్రశ్నలకు తావు లేదు. బిడ్డ అలసినప్పుడు ఆపవలెను. తలుపులు మూసియే విచారణ సాగును. బిడ్డ పేరు, ఊరు, బడి, చిత్రము, ఏ ఆనవాలును పత్రికలు వెల్లడింపరాదు. హైదరాబాదులో 2016లో పోలీసులు నెలకొల్పిన భరోసా కేంద్రము ఈ భావమునకు మన ప్రాంతపు ఉదాహరణము. వాఙ్మూలము, వైద్యము, న్యాయసలహా, మనస్సును ఓదార్చు కౌన్సెలింగు ఒక్క కప్పు క్రింద లభింపజేయుట దాని ఆశయము. 2018లో అచ్చటనే బాలల స్నేహపూర్వక న్యాయస్థానము వెలసినది. చెప్పినదే పదిచోట్ల పదిమంది ఎదుట చెప్పించుట బిడ్డకు మరల మరల అదే గాయము చేయుట యగును గనుక, ఈ ఏర్పాటు ప్రతి జిల్లాకును అత్యవసరము.

ఇదంతయు చట్టములో ఉన్నది. అంతయు అట్లే జరుగుచున్నదని చెప్పజాలను. బిడ్డ సాక్ష్యమును ముప్పది దినములలో నమోదు చేసి, సాధ్యమైనంతవరకు ఏడాదిలోపల విచారణ ముగింపవలెనని చట్టము చెప్పుచుండగా, వాయిదాలపై వాయిదాలు పడి, మూడవ తరగతిలో చెప్పిన మాటకు ఏడవ తరగతిలో జవాబు చెప్పుకొనవలసి వచ్చిన బిడ్డలు కలరు. మరచిపోవ యత్నించుచున్న దానిని జ్ఞాపకము పెట్టుకొని చెప్పుమనుట ఎంతటి క్రౌర్యమో ఆలోచింపుడు. విచారణ ముగియువరకు కుటుంబమునకు తోడుగానుండి, తరువాతి వాయిదా ఎన్నడో, ఎవరిని కలియవలెనో, మధ్యంతర పరిహారమునకు ఎట్లు దరఖాస్తు చేయవలెనో చెప్పు సహాయకుని నియమించుటకు నియమములలో అవకాశము కలదు. ఆ సహాయకుని గురించి కుటుంబములు అడిగి తెలిసికొనవలెను. కూలి మానుకొని న్యాయస్థానము మెట్లపై కూర్చుండు తల్లికి ఆ ఒక్క మనిషి దొరకుట ఎంతో మేలు.

మన రెండు తెలుగు రాష్ట్రములలో వసతిగృహముల సంగతి వేరుగా చెప్పక తప్పదు. గురుకులములనియు, సంక్షేమ హాస్టళ్ళనియు, కార్పొరేటు రెసిడెన్షియల్ కళాశాలలనియు లక్షలాది బిడ్డలు తల్లిదండ్రులకు దూరముగా పెరుగుచున్న ప్రాంతము మనది. వారమునకొకసారి, వరుసలో నిలిచి, వెనుక వార్డెను వినుచుండగా రెండు నిమిషములు ఫోనులో మాట్లాడు బిడ్డ “బాగున్నాను నాన్నా” అనక మరేమి అనగలదు? 2020 నాటి పోక్సో నియమములు, బాలలతో పనిచేయు సంస్థలు తమ సిబ్బంది పూర్వచరిత్రను పోలీసులచే పరిశీలింపజేయవలెనని విధించినవి. హాస్టలులో చేర్పించుటకు పోయినప్పుడు ర్యాంకుల పట్టిక చూచు తల్లిదండ్రులు, వంటవాడు మొదలు వార్డెను వరకు ఆ పరిశీలన జరిగినదా, బిడ్డ ఎవరును వినకుండ ఇంటికి ఫోను చేసికొను వీలున్నదా అని రెండు ప్రశ్నలు అడుగవలెను. అడిగినందుకు విసుగుకొను సంస్థయందు బిడ్డను వదలరాదు. దెబ్బల విషయమును ఇందులో భాగమే: 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. కొట్టుట మామూలైన చోట, పెద్దవాని చేయి తన దేహముపై పడుట అన్యాయమని బిడ్డకు తోచనే తోచదు.

చరవాణి తెరనుండి వచ్చు ప్రమాదము నేడు పెరిగినది. ఆటలలో పరిచయమై, స్నేహితునివలె నటించి, చిత్రము పంపుమని అడిగి, పిమ్మట ఆ చిత్రముతోనే బెదరించువారు కలరు. బిడ్డలపై లైంగిక దోపిడిని చూపు చిత్రములను సంబంధిత అధికారులకు తెలుపక తమవద్ద ఉంచుకొనుటయు నేరమేయని సర్వోన్నత న్యాయస్థానము 2024 సెప్టెంబరులో స్పష్టము చేసినది. ఇచ్చటను మొదటి వినికిడియే రక్షణము. “ఫోను లాగేసుకుంటారు” అను భయము లేనినాడే బిడ్డ ఆ బెదిరింపును తల్లిదండ్రులకు చూపును.

నోరు విప్పలేనివారు బిడ్డలు మాత్రమే కారు. ముప్పది యెనిమిదేండ్ల వయస్సుండి, మస్తిష్క పక్షవాతముచే ఆరు మొదలు ఎనిమిదేండ్ల బాలిక బుద్ధి మాత్రమే గల ఒక స్త్రీపై జరిగిన అత్యాచారమున, ఆమెను పోక్సో చట్టము క్రింద బాలికగా పరిగణింపవలెనని ఆమె తల్లి సర్వోన్నత న్యాయస్థానమును వేడెను. చట్టములోని వయస్సు దేహమునకు సంబంధించినదే గాని బుద్ధికి సంబంధించినది కాదని 2017 జూలైలో న్యాయస్థానము తీర్పు చెప్పినది. చట్టపాఠము దృష్ట్యా అది సరియే కావచ్చును. ఆ తల్లి బాధ మాత్రము తీరలేదు. అదే సంవత్సరము మరియొక తీర్పులో, మాటయు వినికిడియు బుద్ధిబలమును లేని బాధితురాలు సాక్ష్యము చెప్పలేదన్న కారణముచే నిందితుని విడిచిపెట్టిన క్రింది తీర్పును ఆ న్యాయస్థానమే త్రోసిపుచ్చి, బలహీన సాక్షులు భయము లేక చెప్పుకొనుటకు ప్రతి హైకోర్టు పరిధిలోను ప్రత్యేక కేంద్రములు నెలకొల్పుమని ఆదేశించెను. 2022లో ఆ సౌకర్యమును వయస్సుతో నిమిత్తము లేక వికలాంగులకు, మానసిక రుగ్మత గలవారికి కూడ విస్తరింపజేసినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, అట్టివారిని హింసించుచున్నారని తెలిసినవారెవరైనను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలుపవచ్చును.

ముసలి తల్లిదండ్రుల సంగతియు ఇట్టిదే. ఆస్తి వ్రాయించుకొని అన్నము పెట్టని కొడుకులపై ఫిర్యాదు చేయుటకు వారికి నోరు రాదు, “నా బిడ్డను నేనే బజారుకీడుస్తానా?” అందురు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకై చేసిన 2007 నాటి చట్టము క్రింద రెవెన్యూ డివిజను అధికారి వద్దనున్న ట్రిబ్యునలుకు వారు తెల్లకాగితముపై అర్జీ ఇచ్చినచో చాలును; పోషింతునన్న షరతుతో వ్రాయించుకొన్న ఆస్తిని, పోషింపనిచో రద్దుచేయు అధికారము ట్రిబ్యునలుకు కలదు. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోను సంఖ్య ఉన్నది.

పాఠకులారా, మీ ఇంటి బిడ్డగాని, మీ వీధి బిడ్డగాని ఒకనాడు మీ వద్దకు వచ్చి తనకు కీడు జరిగినదని చెప్పినచో, ముఖమున కోపమును, దిగ్భ్రాంతిని కనబడనీయక, “నాకు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు” అనుడు. గుచ్చి గుచ్చి ప్రశ్నింపవలదు. బిడ్డ చెప్పినంతయే వినుడు. ఎవరికిని చెప్పనని మాట ఇయ్యవలదు, ఏలయన ఆ మాట మీరు నిలుపుకొనరాదు. నిందితుని పిలిచి బిడ్డ ఎదుట నిలదీయవలదు. ఘటన జరిగి కొద్దికాలమే అయినచో బట్టలు ఉతుకక, స్నానము చేయింపక ఆసుపత్రికి తీసికొనిపొండు. ఆ రోజుననే 1098కి ఫోను చేయుడు. అది బాలల సహాయ సంఖ్య, పగలు రాత్రి పలుకును, ఖర్చు లేదు. ప్రాణాపాయము తోచినచో 112కు చేయుడు. ఈ రెండు సంఖ్యలను నేడే మీ వంటింటి గోడమీద, బిడ్డకు అందునంత ఎత్తున వ్రాసియుంచుడు.